పేరు లేని వరుసలో తెలిసిన మనిషి

1991 ఆగస్టు 12న వర్నిలో గణాంక సహాయకుడిగా చేరిన రాజలింగు గారు, విరమణ దగ్గరపడిన ఈ వేసవిలో, పేర్లన్నీ తొలగించిన ఆరోగ్య సర్వే ఫైలులో ఒక మనిషి స్పష్టంగా కనిపిస్తోందని కనిపెట్టారు! ఆ సాయంత్రమే ఆ ఫైలు ఎవరైనా చూసుకునేలా విడుదల కావాలి.

వర్నిలో పంట కోత ప్రయోగాల కోసం కాలువ గట్ల మీద సైకిలు తొక్కి, కోటగిరిలో, బోధన్ చెరకు పల్లెల్లో ఇంటింటి సర్వేలు నడిపి, నిజామాబాద్ కార్యాలయానికి పెద్దదిక్కైన వారికి ఆ ప్రయాణాలే ఒక పరీక్షను నేర్పాయి. మన బస్సుల్లో పక్క సీటువాళ్లు "ఏ ఊరు? ఎవరోళ్లు? ఏం పని?" అంటారు. మూడో జవాబుకు మన మేనమామ పేరు వాళ్లే చెప్పేస్తారు! ఫైలు కూడా ఆ ప్రశ్నలకు తట్టుకోవాలన్నది వారి పట్టుదల.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర వారు ఫైలులోని ఒక వరుసను, జబ్బు గడి వదిలేసి, ఒక సహోద్యోగికి చదివి వినిపించారు. మండలం, వయసు, ఇంట్లో భాష, చేసే పని.

"అరె, గీమె మా..."

అన్నం కలిపిన చేత్తోనే రాజలింగు గారు ఆయన నోరు మూసేశారు. "పేరు జెప్పకు!"

ఆమె జబ్బు ఎప్పుడో నయమైంది. కానీ అది వచ్చిందన్న సంగతి పొక్కితే మర్నాడే పని పోతుంది. ఆమె పేరే కాదు, ఆ సహోద్యోగి పేరూ ఇక్కడ రాయను. ఆయన ఊరు తెలిస్తే ఆమె ఎవరో తెలిసిపోతుంది. రాస్తే రాజలింగు గారు మన కార్యాలయ పత్రిక ఈ సంచికనూ ఆపేస్తారు!

"పేర్లు తీసేశాం కదండీ, ఇంకేం భయం?" అన్నారు ఫోనులో పై అధికారి.

"పేరు తీసిన్రు సార్, మనిషిని గట్లనే ఉంచిన్రు. నా సంతకం లేకుండ పెట్టుకోన్రి."

విడుదల ఆగింది. మండలాలు జిల్లాలో కలిశాయి, వయసులు పదేళ్ల గుంపులయ్యాయి, భాష గడి పూర్తిగా పోయింది. అప్పుడు గానీ వారు సంతకం చేయలేదు.

శ్రీమతి గంగుబాయి గారితో కలిసి రాజలింగు గారు నిండు ఆరోగ్యంతో, దీర్ఘాయువుతో ఉండాలని మనందరి ఆకాంక్ష. నాకంటే బాగా కోరుకున్నది ఆ సహోద్యోగే. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే:

"ఆ గడులు ఉంచింది నేనే. పేరు తీస్తే మనిషి పోతదనుకున్న. మీరు సదువుతుంటే నా నోట్లెకెళ్లే ఆమె పేరు రాబట్టె. నిన్న ఆమె పనికి పోతూ తొవ్వల కలిసింది. 'బాగున్నవా అన్నా' అని నవ్వింది. ఆమె జబ్బు సంగతి నాకు తెలుసని ఆమెకు తెల్వది. తెల్వనియ్య. మీరు సల్లగుండున్రి సార్."