అచ్చాయమ్మగారికి చాలని పెళ్లిగుడ్డ

నాంచారమ్మని ఒకావిడ ఉండేదంట. బట్టలు కుట్టేది. మిషన్లు రాకముందు సంగతి ఇది, అంతా చేతిసూదే. ఆవిడకో పట్టుదల, ఏందంటే కోక మీద కొలత తియ్యదు. ఎంత గొప్పింటి మనిషొచ్చినా సరే, "ఆ పైట పక్కన పెట్టమ్మా, నీ ఒళ్లు కొలవాలిగానీ నీ కోకని కొలిచి నేనేం చేసుకోను" అనేదంట. టేపూ గీపూ లేదు, నూలుపోగు. పోగు చుట్టి ముడేసుద్ది, ఆ ముడే లెక్క. ఈ పద్ధతంతా నేర్పింది ఎవరనుకున్నారు, వాళ్లత్త రత్తమ్మ. ఆ రత్తమ్మ ఎట్టాంటి మనిషంటే, కోడలు ఒక్క అతుకు వేసిందో, కుట్టిందంతా ఊడదీయించేది. "అతుకేసిన చేతికి నేను అన్నం పెట్టను" అందంట ఒకసారి. అనడమే కాదు, పెట్టలా ఆ పూట. అత్త పోయి పన్నెండేళ్లయినా నాంచారమ్మ ఆ పూట సంగతి మనసులో అట్టాగే పెట్టుకుంది. పెట్టుకోదా మరి. తిండి దగ్గర అన్న మాట ఎవరు మర్చిపోతారు.

సరే, ఆ ఊళ్లో ఒక దివాణం ఉందనుకో. ఆ దివాణానికి మొదటి దొరసాని అచ్చాయమ్మగారు. ఆవిడ పోయి ఎన్ని తరాలయిందో, ఆవిడ పోలికన పొణుకు కర్రతో చేయించిన బొమ్మ మాత్రం ఉంది. దసరాకి బొమ్మలకొలువు పెడితే పైమెట్టు మీద ఆ బొమ్మే. కొత్త కోడలు ఇంటికొచ్చిన ఏడాది ఏం చెయ్యాలంటే, ఆ పిల్ల పెళ్లికోకలోంచి ఒక జాన గుడ్డ కత్తిరించి ఆ బొమ్మకి కోక కట్టించాలి. ఒక్క జానే. రెండోసారి కత్తెర పెట్టకూడదు. కుట్టే పని నాంచారమ్మ వాళ్లింటిది, అత్తల నాటి నుంచీ. ఇక ఆ బొమ్మ ఎట్టా ఉండేదంటే, గుమ్మడికాయకి తలకాయ పెట్టినట్టుండేది. అందుకని ఆ దివాణంలో ఏమనుకున్నారంటే, అచ్చాయమ్మగారు భారీ మనిషి, ఆవిడ ఒళ్లే ఈ ఇంటి సిరి అనుకున్నారు. అనుకుని ఊరుకున్నారా, వచ్చిన ప్రతి కోడలికీ మేపుడే. పొద్దున సున్నుండలు, మధ్యాన్నం గిన్నెడు నెయ్యి, సాయంత్రం మళ్లీ సున్నుండలు.

అట్టాంటి ఇంటికి సుభద్రాయమ్మని ఒక కోడలొచ్చింది. జొన్నదంటంత పిల్ల. పెద్దదొరసాని, అంటే పిల్లకి అత్తగారు, చెల్లాయమ్మగారు, దగ్గర కూచుని సున్నుండలు తినిపించుద్ది. పిల్ల తినుద్ది, దొడ్లోకెళ్లి కక్కుద్ది, మూతి కడుక్కునొచ్చి మళ్లీ కూచునుద్ది. ఆర్నెల్లయినా రవికె బిగుతు కాలేదంట. ఈలోగా దసరా వచ్చింది, నాంచారమ్మకి కబురెళ్లింది. పిల్ల పెళ్లికోక ఎట్టాంటిదనుకున్నారు, ఉల్లిపొర. చేతి మీద వేసుకుంటే గాజులు లెక్కపెట్టొచ్చు. సూది గట్టిగా గుచ్చితే పోగు తెగుద్ది, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోద్ది. నాంచారమ్మ ఊపిరి బిగబట్టి జాన గుడ్డ కత్తిరించి బొమ్మకి చుట్టబోయింది. ఏమైందంటే, చాలలా. కుచ్చిళ్లు పెట్టడం కాదు, చుట్టు తిరిగి రావడానికే చాలలా, రెండంగుళాలు తక్కువొచ్చింది. చెల్లాయమ్మగారు చూసింది. చూసి, "అచ్చాయమ్మగారే వద్దంటున్నారు. పిల్లా, నీ పెట్టె సర్దుకో. పండగ దాటంగానే బండి కట్టిస్తాను" అంది. ఆ పిల్ల ఏడవలేదంట. "సున్నుండలు కూడా సర్దుకోమంటారా అత్తగారూ" అనడిగిందంట. అమాయకంగా అడిగిందో, ఉడుక్కుని అడిగిందో ఆ పిల్లకే తెలియాలి.

ఇక్కడ నాంచారమ్మకి మండింది. పిల్ల మీద జాలితో అనుకుంటున్నారేమో, అది తర్వాత సంగతి. తను కత్తిరించిన గుడ్డ చాలలేదనేసరికి మండింది. "అమ్మగారూ, నేనింకా కొలత తియ్యలేదండి" అంది. ఇప్పుడు చుట్టావుగా అని చెల్లాయమ్మగారు. "అది కోక మీద చుట్టానండి. కోక మీద తీసింది కొలత కాదు." అంటే అచ్చాయమ్మగారి కోక విప్పుతావా, నీకెంత ధైర్యమే, పెద్దల్ని బట్టల్లేకుండా చూస్తే ఇంటికి మంచిదా, మీ అత్త ఏనాడన్నా విప్పిందా అని దొరసాని లేచింది. "తలుపులేయించండి. ఉన్నది మనం ముగ్గురం ఆడవాళ్లం. అచ్చాయమ్మగారూ ఆడమనిషేగా" అందంట నాంచారమ్మ. తలుపులేశారు.

నాంచారమ్మ చిన్న కత్తెరతో కుట్టు ఊడదీసింది. ఎర్రపట్టు, జరీ అంచు. చెల్లాయమ్మగారు అది చూసి, "నా పెళ్లికోక" అంది. సరే అది తీశారు. తీస్తే ఒళ్లు రాలేదు, కింద ఇంకో కోక. నెమలికంఠం రంగు. "మా అత్తగారిది" అంది చెల్లాయమ్మగారు. అదీ తీశారు. కింద ఇంకోటి, అద్దకం గుడ్డ, మామిడిపిందెల అద్దకం. అది ఎవరిదో చెల్లాయమ్మగారికి తెలవదు. ముగ్గురూ ముందుకు జరిగారు. అది తీస్తే కింద మల్లు గుడ్డ, పురుగు కొట్టి జల్లెడైపోయి ఉంది. ఒక కుట్టు ఎడంచేతివాటం, ఒక కుట్టు దూరం దూరంగా తొందరలో వేసింది. ఎవరికి పొయ్యిమీద పాలు పొంగుతున్నాయో ఏమో. తీసేకొద్దీ బొమ్మ సన్నబడిపోతంది. కొత్తకోడలు మోకాళ్ల మీద కూచుని, "ఇంకా ఉందా? ఇంకా ఉందా?" అంటంది. ఆరు కోకలొచ్చాయి. ఆరోది ముతక గుడ్డ, చేలో పనికెళ్లేవాళ్లలాగా గోచీ పెట్టి కట్టిన కట్టు. అది కూడా తీస్తే ఏముందనుకున్నారు, జొన్నదంటంత బొమ్మ. అచ్చం ఆ పిల్లంత.

నాంచారమ్మ పోగు చుట్టి ముడేసింది. ఉల్లిపొర గుడ్డ చుట్టింది. చుట్టు తిరిగింది, కుచ్చిళ్లొచ్చాయి, పైటొచ్చింది, ఇంకా నాలుగు వేళ్ల గుడ్డ మిగిలింది. చెల్లాయమ్మగారు అది చూస్తానే ఉంది, కానీ ఆవిడ బుర్ర ఇంకోచోట తిరుగుతంది. ఎర్రపట్టు కోక చేతిలోకి తీసుకుని, "ఏమే నాంచారీ, దీని కింద ఐదు కోకలున్నాయి. నాదీ జానగుడ్డే. మరి నాది ఎట్టా చాలిందే?" అంది.

ఆ సంగతి నాంచారమ్మ ఊడదీసేటప్పుడే చూసింది. చూసి, మాట్లాడకుండా ఆ గుడ్డని అటు తిప్పి మడిచి పెట్టింది. వెనకాల కుచ్చిళ్లలో రెండంగుళాల వేరే గుడ్డ ఉంది. ఎర్రదే, కానీ పట్టు కాదు. ఆ గుడ్డ ఎక్కడిదో కూడా నాంచారమ్మకి తెలుసు. అత్త రత్తమ్మ పండగలకి తొడుక్కునే ఎర్ర రవికె, దానికి చంకకింద చిల్లు ఉండేది. ఎందుకుందా అని ఎన్నేళ్లో అనుకుంది. ఇప్పుడు చెప్తే వాళ్లింటి సూది పరువు పోద్ది, పని పోద్ది. చెప్పకపోతే దొరసానికి అనుమానం ఉండిపోద్ది, పిల్ల బండెక్కుద్ది. పోగు వేలికి చుట్టుకుంటా విప్పుకుంటా కాసేపు కూచుంది. కూచుని, "చాలలేదండి అమ్మగారూ. మీదీ చాలలేదు. మా అత్త అతుకేసింది. బొమ్మని లావు చేసింది కూడా అచ్చాయమ్మగారు కాదు, మేమే. విప్పడానికి బయపడి కోక మీద కోక కట్టాం, కోక మీదే కొలిచాం. ఆరుసార్లూ మా ఇంటి సూదే" అని చెప్పేసింది.

చెల్లాయమ్మగారు ఆ అతుకుని వేలితో తడిమి చూసిందంట. ఎంత బాగా వేసిందంటే, వేలికి తగల్లేదు. "అయితే నా పెట్టె కూడా సర్దించాల్సిందేగా నలబయ్యేళ్ల కింద" అంది. అని కాసేపటికి, "ఆ నెయ్యంతా ఊరికే తాగానా నేను" అంది. కొత్తకోడలికి నవ్వొచ్చింది, పైట అడ్డం పెట్టుకుంది. అత్తగారికీ నవ్వొచ్చింది, కానీ ఆవిడ దొరసాని గదా, పక్కకి తిరిగి నవ్వింది. బండి మాట మళ్లీ ఎవరూ ఎత్తలా. సున్నుండల డబ్బా గొడ్లసావిట్లోకి పంపించారు.

ఆ ఏడాది కొలువులో అచ్చాయమ్మగారు సన్నంగా నిలబడింది పైమెట్టు మీద. పక్కన ఆరు కోకలూ మడతలు పెట్టి వరసగా పెట్టారు, చూడ్డానికి ఊరూరా జనం వచ్చారు. దివాణం కుట్టుపని మాత్రం నాంచారమ్మ వాళ్లింటిదిగానే ఉండిపోయింది. ఇంటికెళ్లి ఆవిడ అత్త ఎర్ర రవికె పెట్టెలోంచి తీసి, ఆ చంకకింద చిల్లుకి అతుకేసిందంట. అచ్చం అత్త వేసినట్టే, వేలికి తగలకుండా. వేసి, "అయినా ఆ పూట అన్నం పెట్టకపోవడం తప్పే" అందంట.

తప్పే మరి, నేనూ అదే అంటాను. ఇదీ సంగతి. అందుకే నా దగ్గరికి రవికెకొచ్చినవాళ్లని పైట పక్కన పెట్టమంటాను. సీతారావమ్మ కోడలు పెట్టనంది, కోక మీదే కొలిపించుకుంది, వదులైందని ఊరంతా చెప్పింది. ఆరేళ్లయింది. ఇప్పుడు ఆ గోడ పక్కన కూచుని వింటానే ఉంది, విననియ్యండి.