ట్రైలరు గుడారంలో గైడ్స్ పిల్లలు

హలో… ఆఁ, నేనేనండి మేడమ్, ప్రేమకుమారి టీచర్ని. బాపట్ల స్టేషన్ దగ్గర ఎస్టీడీ బూతులోంచి.

…

గైడ్స్ పిల్లలా? తొమ్మిదిమందీ బాగున్నారండి. విజయమ్మ టీచరు దగ్గరున్నారు… రాత్రి ఎక్కడ పడుకున్నామా?… అది చెప్పడానికే చేశానండి.

లేదండి, ఇక్కడి స్కూల్లో కాదు… మీరు స్కూల్లోనే బస అన్న మాట నిజమే… సూర్యలంక అవతల, సరుగుడు తోటలో. ట్రైలరులో.

…

మేడమ్… కోప్పడండి, వింటాను. అయ్యాక చెప్తాను.

…

అవునండి, బసవేశ్వరరావుగారి లేతు షాపులో చేయించిన గుడారం ట్రైలరే. జీపు కూడా ఆయనదే, ఆయనే నడుపుతున్నారు… పోయినేడు చేబ్రోలు దగ్గర తారురోడ్డు దిగగానే కూలబడిందే, అదే. కానీ ఇప్పుడలా లేదండి. మొత్తం మార్చేశారు.

ఏం మార్చారంటే… జీపు చక్రాలే దానికీ వేశారు. ఇరుసు కిందుండే కమాను కట్టల్ని ఇరుసు మీదకి ఎక్కించారు. జానెడు పైకి లేచిందండి, గతుకులు తగలవు. మూత తెరిస్తే గుడారం నిలబడుతుంది. లోపల నలుగురు, పక్కన పట్టా పందిరి కింద మిగతావాళ్ళు. జీపుకి తగిలించే కొక్కెం కూడా గుండ్రంగా తిరిగేది పెట్టారు. ట్రైలరు పల్టీ కొట్టినా జీపుని పడెయ్యదు.

…

కొట్టిందాండీ?… ఒక్కసారేనండి.

లోపల ఎవరూ లేరు మేడమ్. బియ్యం, పప్పు, విజయమ్మగారి కుట్టుమిషను, అంతే… గుడారం చిరిగితే కుడదామని ఆవిడే తెచ్చారు. పిల్లలే వెదురుగెడలు పెట్టి ఎత్తి నిలబెట్టారండి. జీపు కదిలితే ఒట్టు. బసవేశ్వరరావుగారు ఆ కొక్కేన్నే చూసుకుని మురుస్తూ నిలబడ్డారు. సాయం పట్టండి బాబాయ్ అని పిల్లలు పిలవాల్సొచ్చింది.

…

ఈ పూటే వచ్చేయాలా?… తేడా వస్తే గైడ్స్‌ని ఎత్తేస్తానన్నారు, గుర్తుందండి. నన్నేమన్నా పడతాను. కానీ ఇంకొక్క సంగతుంది, మీరు కంగారుపడకూడదు.

నిన్న మధ్యాహ్నం వాన పడింది. మా దారిలోనే ఒక కారు చక్రాల దాకా దిగబడిపోయింది… ఎవరిదంటే… డీఈఓగారిదండి.

…

మన డీఈఓగారేనండి. పాలెంలో బడి తనిఖీకి వచ్చారట. హలో… ఉన్నారా?

పిల్లలు లాగారండి. ట్రైలరు విప్పేసి, జీపుకీ కారుకీ తాడు కట్టారు. నెలంతా వరండాలో ముళ్ళేస్తుంటే తాళ్ళెందుకు పాడుచేస్తారన్నారే, ఆ ముళ్ళే. ఒక్కటీ జారలేదు.

ఆయనా? నిలువునా తడిసిపోయారు పాపం. గుడారంలో కూర్చోబెట్టి బట్టలు ఆరేశాం… మరి అప్పటిదాకా ఏం కట్టుకున్నారంటే… బసవేశ్వరరావుగారి లుంగీ ఇచ్చామండి.

… లుంగీయేనండి. గళ్ళది. ఉప్మా రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

అడిగారండి, ఎందుకడగరు. ‘ఎవరి పర్మిషన్‌తో తెచ్చారమ్మా ఆడపిల్లల్ని ఇంతదూరం’ అన్నారు… ఉన్నమాటే చెప్పాను. ‘మా హెడ్మిస్ట్రెస్‌గారు నాలుగు నెలల కిందటే మీకు రాశారండి, కాగితం మీ బల్లమీదే ఉంది’ అన్నాను.

…

ఉప్మా నమిలారు. నమిలి నమిలి, ఒక నోటుబుక్కులో కాగితం చింపించుకుని, ఆ లుంగీలోనే రాసిచ్చారండి. ఏటేటా క్యాంపు వేసుకోవచ్చట, ఆరుబయట కూడా. తారీఖు మొన్నటిది వేశారు… నా సంచిలోనే ఉంది, చదవమంటారా?

…

సరేనండి, వచ్చాక చూపిస్తాను.

అయినా తప్పు నాదేనండి. మీకు చెప్పకుండా రావడం తప్పే. కానీ వీళ్ళలో ఏడుగురు సముద్రం చూడనేలేదు మేడమ్. రైలెక్కితే గంటన్నర దూరంలో ఉండి. తరగతి గదిలో పడుకోబెట్టడానికి మనసొప్పలేదు. పొద్దున్నే గుడారం తెర తీస్తే ఎదురుగా అదే ఉంది. రోజంతా గోలచేసే పిల్లలు, ఒకళ్ళ చెయ్యొకళ్ళు పట్టుకుని నీళ్ళదాకా నడిచారండి.

…

మేడమ్?… లైను ఉందా?

ఏంటండీ?… ఎవరు, మీరా?

ఒక్కసారి కూడా చూడలేదా?… ఇరవై ఆరేళ్ళు తెనాలిలో ఉండి?

… లేదండి, నవ్వడం లేదు. ఒట్టు.

ఈ పూట కదలం లెండి. రేపు శనివారం, ఒంటిపూట బడే కదా. మధ్యాహ్నం ప్యాసింజరెక్కండి, స్టేషన్‌కి జీపు తెస్తాం.

… ట్రైలరులో చోటెందుకుండదండి? నేను పందిరి కింద పడుకుంటాను.

దుప్పటి ఒకటి చాలు… చీరా? పాతది కట్టుకురండి మేడమ్. మోకాళ్ళ దాకా తడుస్తుంది.

ఉంటానండి.