మొదటి పేరు నిఖత్‌ది

ఆ పిలుపు ఆపండన్నా ముందు. డాక్టరమ్మ అంట, డాక్టరమ్మ! మీ వీధిలో అడుగు పెట్టినప్పట్నించి ఇదే. మూలింటి ముసలామె మోకాలు చూపించి మాత్ర రాసిమ్మంటాది. నేను మందుల డాక్టర్ని కాదమ్మా, కెమిస్ట్రీ డాక్టర్ని అంటే, "అట్ల గూడా ఉంటారా?" అని మొగం తిప్పుకొనింది.

ఉంటారు. ఉండి ఏం ఉద్ధరించినారని మాత్రం అడగొద్దు.

గుర్తు పట్టినారా లేదా నన్ను? స్వర్ణ అన్నా. మదనపల్లెలో ఇంజనీరింగ్ కాలేజీ స్వర్ణ మేడం. మీ నిఖత్ పీహెచ్‌డీకి గైడును. బిడ్డను తోడుకోని వచ్చి, "మా పాపను మీ చేతుల్లో పెడతాండా" అనలేదా మీరు? ఆ స్వర్ణనే.

లేవొద్దు, లేవొద్దు. ఆ గుండిగ కాగుతాండాది, కళాయి పూసుకోండి. మీరు పని చేస్తాంటేనే నాకు మాట వస్తాది. నా మొగం సూడాల్సిన పన్లేదు.

యాడ మొదలుపెట్టేది?

మాది గుడుపల్లె పక్కన చిన్న పల్లె. చెనక్కాయల చేను, రెండావులు, అంతే. కుప్పంలో డిగ్రీ చదివేటప్పుడు ల్యాబులో మా సారు రెండు గాజు గొట్టాలు పట్టుకున్న్యాడు. రెండింట్లోనూ నీళ్ళ మాదిరే ఉండాది. కలిపినాడు. తళతళమని పసుపు! మా నాయన చేన్లో యాడా సూడని పసుపు. అంతే అన్నా, నేను ఆ పసుపు వెనకాల పడి పోయినాను. ముప్పై అయిదేండ్లుగా పోతానే ఉండాను.

యాడికి పోయినానంటారా? మదనపల్లెకు. ఇరవై నాలుగేండ్లు ఫస్టియర్ పిల్లోల్లకు నీళ్ళల్లో ఉప్పెంత ఉండాదో కనుక్కునేది చెప్పినాను. ప్రతి ఏడూ అదే ఉప్పు, అదే నీళ్ళు. బల్ల కింద ఫోన్లు సూసుకుంటా ఉంటారు వాళ్ళు. నేను బోర్డు సూసుకుంటా చెప్తాను.

ఇంతలో నానో అని ఒకటొచ్చింది. ఒక వెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేస్తే, ఒక్క చీలిక ఎంతుంటాది? దానికన్నా సన్నం పొడి చేసేది. ఆ సన్నానికి పోతే ఏ లోహమైనా గుణం మార్చుకుంటాదన్నా. నిజంగా అద్భుతమే. మేమేం చేసినామో తెలుసా ఆ అద్భుతాన్ని? వెండి ఉప్పు నీళ్ళల్లో కరేపాకు రసం పోస్తే రంగు మారతాది. ఒక పేపరు. మునగాకు పోస్తే ఇంకో పేపరు. చింతాకు, వేపాకు, చివరికి మా వీధి గోడ మీద మొలిచిన తీగ గూడా! ఎవురికి పనికొచ్చినాయి అంటారా? నాకు. వాటి మీదనే కదా అసోసియేట్ ప్రొఫెసర్ని అయినాను.

అప్పుడొచ్చింది మీ నిఖత్.

మొదటి రోజే నా పేపర్లన్నీ సదివి, "మేడం, ఇవి ఎందుకు?" అనింది. పొగరుగా కాదన్నా, తెలుసుకుందామని. అన్నేండ్లలో నన్ను ఎవురూ అడగలేదు ఆ మాట. మా ప్రిన్సిపాల్ గూడా ఎన్ని అని అడిగినాడే గానీ ఎందుకని అడగలా.

తగరం సంగతి తెచ్చింది అదే. "మా అబ్బా కొలిమి దగ్గర కాగిన తగరం మీద తెల్లగా పొడి తేలతాది మేడం, గీకి పారేస్తారు. పుస్తకంలో సూస్తే ఆ పొడికి గాలిని పసిగట్టే గుణం ఉండాదంట. మన మదనపల్లె మార్కెట్లో టమోటాలు కుళ్ళి రోడ్డున పోస్తారే, ఆ పని మీద పెడదామా?" అనింది.

పండే కాయ ఒక రకం గాలి వదలతాదన్నా. తగరం పొడి సన్నంగా చేసి, చిన్న బిళ్ళ మీద పూసి, టమోటా పెట్టెలో పెడితే, ఆ గాలి తగిలినప్పుడు బిళ్ళలో కరెంటు పారే తీరు మారతాది. ఇవి రెండు రోజులు నిలుస్తాయా, వారం నిలుస్తాయా, దూరం లారీ ఎక్కించొచ్చా అని రైతుకు ముందే తెలుస్తాది. వింటాంటే నాకు ఒళ్ళు జలదరించింది. కుప్పం ల్యాబులో నిలబడినట్టే అయింది, ఏమనుకున్న్యారు!

మీరు ఒక డబ్బా నిండా తగరం ముక్కలు పంపిస్తిరి, గుర్తుందా? దాంట్లో సీసం కలిసుంటాది, మా పనికి రాదు. ఆ మాట మీకు చెప్పలేక బిడ్డ దాన్ని తన బీరువాలోనే దాచిపెట్టుకొనింది.

రెండేండ్లు చేసినాము. ఎండాకాలంలో బిళ్ళ బ్రమ్మాండంగా పలికింది. వానలు మొదలైనాయి, తిక్క లేచింది దానికి. పచ్చి కాయను పండంటాది, ఖాళీ పెట్టెను కుళ్ళిందంటాది. నిఖత్ నెల రోజులు కూర్చోని కనిపెట్టింది. "మేడం, ఇది టమోటాను సూడ్డంలేదు. తేమను సూస్తాండాది. తేమ తగలకుండా పైన ఇంకో పూత కావాల. ఒక సంవత్సరం ఇవ్వండి" అనింది.

సరైన మాటే. కానీ సంవత్సరం యాడ్నించి తెచ్చేది? ప్రాజెక్టు గడువు ఆ నెలాఖరికి. ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు ఒక మంచి పేపరు తక్కువ. నాకప్పుడు యాభై. నాకన్నా చిన్నోళ్ళు ముందు కుర్చీల్లో కూర్చోని ఉండారు.

వానకాలం రీడింగులు తీసేసినాను.

ఆ, నేనే. అది ఒకటి. ఇంకోటుండాది. మా పొడి ఎంత సన్నమో చూపించేదానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద తీసిన ఫోటో కావాల. అది మా కాలేజీలో లేదు, బయట యాడనో మా వంతు ఇంకా రాలేదు. నా దగ్గర పాత ఫోటో ఒకటుండాది, నా పాత పేపర్లోది, వేరే పొడిది. దాన్ని అద్దంలో మొగం మాదిరి ఎడమ కుడికి తిప్పి పెట్టేసినాను. ఎంతసేపన్నా? టీ తాగినంత సేపు.

పంపించేముందు నిఖత్ సూసింది. "మేడం, ఈ ఫోటో మన పొడిది కాదు కదా?" అనింది. "ఊరికే స్థలం కోసం పెట్టినాలే, మన ఫోటో వస్తానే మారుస్తాను" అన్న్యాను. నమ్మింది. గైడు చెప్తే నమ్మదా?

పేపరు అచ్చయింది. మొదటి పేరు నిఖత్‌ది, నాది చివర. స్వర్ణ మేడంది ఎంత పెద్ద మనసో అన్న్యారు అందరూ. మీరు దాన్ని ప్రింటు తీపించి, లామినేషన్ చేయించి, ఈ గోడకే కొట్టినారంట. అద్దో, మేకు ఇంకా ఉండాది.

రెండేండ్లకు ఎవురో, యాడివాళ్ళో, రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి జర్నల్‌కు రాసినారు. ఇది అదే, తిప్పినారు అని. కాలేజీలో విచారణ. బల్లకు అవతల ముగ్గురు. ఇవతల నేను, మీ బిడ్డ. బొమ్మలు ఎవరు తయారు చేసినారని అడిగినారు.

"విద్యార్థిని తయారు చేసింది సార్. నేను సరిగ్గా సూసుకోలేదు."

అంతే అన్న్యాను. ఒక్క మాట. ఎంత బాగొచ్చిందో సూడండన్నా నోటికి, పాఠం చెప్పినట్ల! తప్పు ఒప్పుకున్నట్టూ ఉండాది, తప్పించుకున్నట్టూ ఉండాది.

నిఖత్ నా పక్కకు తిరిగి సూసింది. "నువ్వేమన్నా చెప్పుకునేది ఉండాదా?" అని వాళ్ళడిగితే, "లేదు సార్" అనింది. భయపడిందనుకున్న్యాను. మూడేండ్లు అట్లనే అనుకున్న్యాను.

బిడ్డ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు చేసినారు. నాకు, ఇకమీదట జాగ్రత్తగా ఉండండని ఒక కాయితం. ఆ మరుసటేడే ప్రొఫెసర్ని చేసినారు.

ఏమన్న్యారు? "సదువు మీద మనసు పోయింది, నేనే వదిలేసినా" అని చెప్పిందా మీకు? తెలుసన్నా. ఈ పొద్దే తెలిసింది. దాని మీద కోపంతో మీరు బిడ్డతో నేరుగా మాట్లాడ్డం మానేసినారని, అన్నం తినమని గూడా వాళ్ళమ్మ జైనాబ్ వదిన చేతనే చెప్పిస్తారని.

మనసు పోలేదన్నా. నేను పోగొట్టినాను.

అన్నా... ఆ పటకారు కింద పెట్టండి, చెయ్యి కాలుతాది. తిట్టాలనుంటే తిట్టండి, ఉర్దూలో అయినా సరే, నాకు అర్థమయితాది.

పొద్దున చౌడేపల్లెకు పోయినాను, నిఖత్ పని చేసే బడికి. ఐదో తరగతి వాళ్ళకు నీళ్ళు ఆవిరయ్యేది చెప్తాండాది. గిన్నె మీద మూత పెట్టి, మూత ఎత్తి, వాళ్ళ వేళ్ళతోనే తడి తాకిస్తాండాది. ఒక్క పిల్లోడు దిక్కులు సూస్తే ఒట్టు. నేను వాకిట్లో నిలబడి అంతా విన్న్యాను.

నేను రాసిన ఉత్తరం ఇచ్చినాను. జర్నల్‌కు, యూనివర్సిటీకి. ఫోటో నేనే మార్చినాను, రీడింగులు నేనే తీసేసినాను, ఆ అమ్మాయికి ఏ పాపం తెలీదు అని. నిలబడే సదివింది. మడిచి నా చేతికే ఇచ్చింది.

"పంపండి మేడం. కానీ ముందు మా అబ్బాకు మీ నోటితో చెప్పండి" అనింది.

నువ్వే చెప్పుకోకపోయినావా అప్పుడే అంటే, "చెప్తే నమ్ముతారు. నమ్మి మీ కాలేజీ గేటు ముందు కూర్చుంటారు. ఆయన్ని వాచ్‌మన్ నెట్టేస్తాంటే నేను సూడలేను" అనింది.

ఇంకోటి గూడా అడిగినాను, ఉండబట్టలేక. ఆ పొద్దు వాళ్ళ ముందర యాల నోరు తెరవలేదు నువ్వు అని. ఏమనిందో తెలుసా?

"మీరు చెప్తారని సూసినా మేడం."

భయం కాదన్నా. నా కోసం కాచుకోని ఉన్నింది. నేను మాట మార్చుకుంటానని.

ఏంది? మూడేండ్లు ఊరుకోని ఇప్పుడు యాల వచ్చినావనా?

అడగాల్సిందే. పోయిన వారం మా కాలేజీలో ఇంకో విచారణ జరిగింది. ఈసారి నేను బల్లకు అవతల కూర్చున్న్యాను, ముగ్గురిలో ఒకదాన్నై. సింధూజ అని ఒక అమ్మాయి, కుప్పం పిల్ల. వాళ్ళ గైడు మునిరాజు. అట్లాంటి ఫోటో గొడవే. బొమ్మలు ఎవరు చేసినారని అడిగితే మునిరాజు గొంతు సవరించుకోని, "విద్యార్థిని తయారు చేసింది, నేను సరిగ్గా సూసుకోలేదు" అన్న్యాడు. అక్షరం పొల్లు పోలేదన్నా. నా మాటే. నా దగ్గరే నేర్చుకున్నట్టుండాది. ఆ పిల్ల అతని పక్కకు తిరిగి సూసింది. ఆ సూపు నేను తట్టుకోలేకపోయినాను. ఇంటికొచ్చి ఈ ఉత్తరం రాసినాను.

ఏమంటారు?

ఆ పిల్ల ఏమయిందనా?

అది... అది వేరే కథన్నా. నేనొచ్చింది మీ బిడ్డ గురించి కదా. మీరు అడగాల్సింది నిఖత్ గురించి. ఉత్తరం ఎప్పుడు పంపుతావు, మళ్ళీ సదువులో చేర్చుకుంటారా, అట్లాంటివి అడగండి. చెప్తాను.

అట్ల సూడొద్దన్నా.

సంతకం పెట్టినాను.

విన్న్యారు కదా, మళ్ళీ ఏం చెప్పేది? తప్పు ఆ పిల్లదేనని రాసిన కాయితం మీద మిగిలిన ఇద్దరూ పెట్టేసి పెన్ను నా చేతికిచ్చినారు. మునిరాజు నన్నే సూస్తాండాడు. నా ఫోటో సంగతి అతనికి మొదట్నించీ తెలుసు, ఆ పాత పొడి మేమిద్దరం కలిసి చేసిందే. నోరు తెరిస్తే ఆడనే, ఆ బల్ల దగ్గరే తెరవాల. తెరవలా. పెట్టేసినాను.

ఇంక మూడేండ్లుండాది రిటైర్మెంటుకు. ఎవురి జోలికీ పోకుండా ఫస్టియర్ వాళ్ళకు ఉప్పు సంగతి చెప్పుకోని బయటపడదామనుకున్న్యా. అలిసిపోయినానన్నా. నిజంగా.

ఆ? కుప్పానికా? ఇప్పుడా?

సింధూజ వాళ్ళిల్లు తెలుసు. నాయన నారాయణప్పని, పట్టుపురుగులు పెంచుతాడు. నేను సోమవారం ప్రిన్సిపాల్‌కు రాసిద్దాం లే అనుకుంటాండా... లేదు, లేదు, సాకు కాదు. పలమనేరు మీదుగా బస్సుండాదని నాకూ తెలుసు, మీరు వేలు పెట్టి చూపించాల్సిన పన్లేదు.

పోతాను. లేస్తాండా కదా.

మీకు చెప్పేదానికి నాకు మూడేండ్లు పట్టిందన్నా. వాళ్ళకు చెప్పేదానికి సాయంత్రం దాకా టైమిస్తాండారు మీరు.