వన్స్‌మోర్ లేని చావు

1961 మే నెల. బిట్రగుంట రైల్వే కాలనీ నాటక సమాజం హాల్లో మధ్యాహ్నపు రిహార్సలు. సెక్రటరీ పరంజ్యోతి, నర్సు ఆనందకుమారి నిలబడి ఉన్నారు. వేదిక మీద నులకమంచం, మంచం మీద శవం.

“మీ పొట్ట కదులుతోంది, దరియావలి గారూ.”

“ఊపిరి తీసుకుంటుండా, సెక్రటరీ గారూ.”

“శవం ఊపిరి తీసుకోదు.”

“ఎంతసేపు తీసుకోదు?”

“నలభై నిమిషాలు. మీ తల దగ్గర ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు, నడుమ ఒకరు నిలబడి జీవితానికి అర్థమేమిటో తేలుస్తారు. తేలేవరకు మీరు చనిపోయి ఉండాలి.”

“తేలుద్దా?”

“తేలదు. అదే నాటకం.”

“బాగుండాది. ముప్పయ్యేళ్లు ఇంజను తోలినా. బండి యాడికి పోతుండాదో తెలీకుండా ఒక్కర్నీ ఎక్కించుకోలా.”

“పరంజ్యోతన్నా, ఆ మాట రాసుకో. నీ నాటకంలో అట్టాంటిది ఒక్కటీ లేదు.”

“ఆనందకుమారీ, నువ్వు ఆయన భార్యవి. ఏడవాల్సిన చోట నవ్వుతున్నావు.”

“పొద్దుట్నుంచి నర్సు డ్యూటీలో నవ్వకుండా నిలబడొచ్చినా. ఇక్కడన్నా నవ్వనీ అన్నా.”

“అది సరే. నా పద్యం సంగతి ఏం జేసినారు, సెక్రటరీ గారూ?”

“పద్యం లేదు. ఎన్నిసార్లు చెప్పాలి? ఈ వేసవి నాలుగు వారాలూ ‘మృత్యువు, జీవన విలువ’ అని గోడలమీద అంటించాం. నాలుగు నాటకాలూ నేనే రాశాను. ఒక్కదాంట్లోనూ చనిపోయేవాడు రాగం తీయడు. అది నా నియమం.”

“నిజమే. మూడు వారాలు మూడుసార్లు నోరు మూసుకునే చచ్చినా. మొదటివారం హాలు నిండా జనం. రెండోవారం సగం. మూడోవారం ఎంతమంది?”

“పదకొండు మంది. ఆలోచించేవాళ్లు పదకొండు మంది చాలు.”

“అందులో నలుగురు ఫ్యాను కింద కూర్చునేదానికి వచ్చినోళ్లన్నా. ముగ్గురు నిద్రపోయినారు.”

“నిద్ర కూడా మరణానికి ఒక అభ్యాసమే, ఆనందకుమారీ.”

“అయితే వాళ్లకు బాగా అర్థమయిందన్నమాట.”

“సంగం ఊళ్లో ఆడినప్పుడు ఒక్కడు నిద్రపోయినాడా? సిస్టరమ్మా, నువ్వు ఇనాల. నేను పద్యం పాడి చచ్చి పడిపోతే వన్స్‌మోర్ అన్నారు. లేసినా, పాడినా, మళ్లా చచ్చినా. మళ్లా వన్స్‌మోర్. మూడుసార్లు. నాలుగోసారి లేసి చూస్తే శ్రుతి లేదు. మా తమ్ముడు మీరావలి హార్మోనీ మూసేసినాడు. ‘చచ్చినోడు ఎన్నిసార్లు లేస్తాడన్నా, సిగ్గులేదా’ అన్నాడు, అంత జనం ముందర. పన్నెండేళ్లయింది. మా ఇద్దరికీ మాటల్లేవు.”

“మీ తమ్ముడిది ఆధునిక దృష్టి.”

“వాడికి కావలి బండికి టైమయింది. అంతే.”

“సరే, నియమం సంగతి పక్కన పెట్టండి. మీ ఆరోగ్యం మాటేమిటి? డాక్టరు ఏమన్నారు?”

“గొంతెత్తి పాడితే గుండె ఆగిపోద్దన్నాడు.”

“మరి?”

“మరేముంది. సిస్టరమ్మా, రెండో అంకంలో నా తల ఒళ్లో పెట్టుకోని నువ్వు చెప్పేది, అది చెప్పు.”

“‘ఎన్నాళ్లు బ్రతికామన్నది కొలత కాదు. ఆ నాళ్లలో మనం ఎంతవరకు మనంగా ఉన్నామన్నదే కొలత.’”

“ఎవురు రాసినారు?”

“నేనే.”

“నిజమేనా అది?”

“నాటకంలో నిజం.”

“బయట?”

“బయట… సందర్భాన్ని బట్టి.”

“నాకు సందర్భం వచ్చింది. శనివారం ఈ మంచంమీదినుంచి లేస్తా. ఒక్క పద్యం పాడతా. నిజంగానే చస్తా. మీ నాటకానికి ఇంకేం కావాల?”

“వద్దు, వద్దు! అలాంటి పని చేయకండి.”

“ఎందుకు వద్దు? మూడు వారాలుగా డబ్బాలో రాళ్లేసి కొట్టినట్టు జనానికి అదేగదా చెప్తుండారు. పదకొండు మందీ ఇన్లేదు. నేనిన్నా.”

“అది… అది ఒక భావన, దరియావలి గారూ. భావనను అలా పట్టుకుని వేలాడకూడదు.”

“బాబాయ్, ఒక్క నిమిషం. ఏ డాక్టరు చెప్పినాడు నీకు? మా డాక్టరు నెల మొదట్నుంచి సెలవులో ఉండాడే.”

“మీ డాక్టరు కాదమ్మా. మద్రాసు డాక్టరు. సెక్రటరీ గారే పిలిపించినారు. బండి ఆగిన పది నిమిషాల్లో ఇక్కడికొచ్చి, మేకప్ గదిలో చూసి, మళ్లా అదే బండికి పోయినాడు.”

“ఆనందకుమారీ, రిహార్సలుకు ఆలస్యమవుతోంది.”

“శవానికి తొందరేందన్నా. బాబాయ్, స్టెతస్కోపు యాడ పెట్టినాడు?”

“ఇక్కడ.”

“అది కుడిపక్క.”

“పెద్ద డాక్టరు గదా. వాళ్లకు దూరంనుంచి కూడా ఇనపడుద్దేమో అనుకున్నా.”

“దాని గొట్టానికి నల్లదారం చుట్టి ఉండిందా?”

“ఉండింది. నీకెట్ట తెలుసు?”

“నేనే చుట్టినా కాబట్టి. రెండోవారం నాటకానికి నేనిచ్చిన పాతదది. లోపల చీలిపోయింది. నీ ఇంజను కూత పెట్టినా దాంట్లో ఇనపడదు.”

“సెక్రటరీ గారూ?”

“ఆనందకుమారీ, కొంచెం మంచినీళ్లు…”

“నీళ్లు తర్వాత. ఎవరన్నా ఆ డాక్టరు?”

“హెబ్రోను.”

“ఏ హెబ్రోను?”

“నా స్నేహితుడు. డ్రాయింగు మాస్టరు.”

“డ్రాయింగు మాస్టరా! అదీ సంగతి. మందులచీటీ మీద నా గుండెకాయ బొమ్మ ఎంత బాగా గీసిచ్చినాడు! మా ఇంటిది జైతూన్‌బీ దాన్ని గోడకు అంటించింది.”

“క్షమించండి, దరియావలి గారూ. మీకు ఏ జబ్బూ లేదు. పద్యం మానమంటే మీరు మానరు. భయపెడితే మానుతారనుకున్నాను. చావు దగ్గర పడిందని తెలిసినవాడు ఇంకా గట్టిగా పాడాలనుకుంటాడని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.”

“నాలుగు నాటకాలు రాసినావు గదన్నా, దాని గురించే.”

“రాశాను. ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు.”

“అయితే నేను చావను.”

“ఇప్పట్లో చావరు.”

“నిజంగానా, సిస్టరమ్మా?”

“చెయ్యి ఇట్టా ఇవ్వు బాబాయ్… నాడి గూడ్సుబండిలాగ పోతుండాది. నువ్వు ఇంకో ఇరవై ఏళ్లు మమ్మల్ని సతాయిస్తావు.”

“ఇరవై ఏళ్లు.”

“సంతోషంగా లేదా?”

“జైతూన్‌బీ పదైదు రోజులుగా నన్ను ఒక్క మాట అన్లేదు. కూరలో ఉప్పు తగ్గించి, ఆ ఉప్పు లేని కూర తానూ తింటుండాది. పెళ్లయి నలభై ఏళ్లు. ఎప్పుడన్నా జరిగిందా ఇది?”

“మంచిదేగా బాబాయ్.”

“శనివారం పాడి చస్తానని ఇని, మొన్న పొద్దున మీరావలి వచ్చినాడు.”

“కావలినుంచా?”

“హార్మోనీ నెత్తిన పెట్టుకోని. గడప దగ్గర నిలబడినాడు. పన్నెండేళ్లు మాట్లాడనోడు, ఏం మాట్లాడాలో తెలీక, ‘శనివారం శ్రుతి ఎంతలో పెట్టాల?’ అన్నాడు. ‘ఒకటిన్నర’ అన్నా. అంతే. చంటిపిల్లోడి మాదిరి ఏడ్చినాడు. మా ఇంట్లోనే దిగినాడు. పొద్దున్నే నా కాళ్లకు నూనె రాస్తుండాడు. ‘నువ్వు ఎన్నిసార్లు లేసినా వాయిస్తా అన్నా, ఈసారి మూయను’ అంటాడు.”

“ఆయనకు నేనే చెబుతాను. ఇప్పుడే వెళ్తాను. తప్పు నాది, శిక్ష కూడా నాదే కావాలి.”

“కూచోండి.”

“లేదు, చెప్పి తీరాలి. ఒక అబద్ధం మీద నిలిచిన ప్రేమకు విలువ—”

“కూచో అబ్బయా! నాటకం చాలు.”

“కూర్చున్నాను.”

“నీకు శనివారం పద్యం వద్దు, అంతేగదా? పాడను పో. ఇంట్లో మెల్లగా పాడుకుంటాం, నేనూ వాడూ. నీ మంచంమీద నలభై నిమిషాలు కాదు, గంటసేపు పడుంటా. పొట్ట కదలదు. జనం వన్స్‌మోర్ అన్నా లెయ్యను.”

“ఎందుకు? చచ్చినా పాడతానన్నారు కదా. ఇప్పుడు పాడితే అడ్డేముంది? నేనే రాసిస్తాను పద్యం, నా నియమం తుడిచేస్తాను. నేను మీకు చేయాల్సింది ఇంకేమైనా ఉందా?”

“ఉండాది. నేను బతుకుతానని మా మీరావలికి మాత్రం చెప్పబాక.”