మెటాడోర్‌లో ముందు సీటు

గౌలిపురలో కృష్ణమ్మ ఇంటి అరుగు మీద, స్తంభానికి వీపు ఆనించి కూర్చునే చోటు ఏనాటి నుంచో ఓదెలుది. ఎవరూ రాసివ్వలేదు, అయినా అతనిదే. సాయంత్రం బర్రెల పాలు పిండడం అయ్యాక వాడకట్టువాళ్లు ఆ అరుగు మీద చేరేవాళ్లు. కృష్ణమ్మ చిక్కటి పాలు పోసి చాయ పెట్టేది. ఓదెలు స్తంభానికి ఒరిగి, ఏ ఊరి ముచ్చటైనా తాను నిన్ననే పోయొచ్చినట్టు చెప్పేవాడు.

అఫ్జల్‌గంజ్‌లో ఒక లారీ ఆఫీసులో బిల్టీలు రాస్తాడతను. ఏ లారీలో ఏ సరుకు ఎక్కడికి పోతోందో కాగితం మీద రాసి డ్రైవర్ చేతికివ్వడం పని. డ్రైవర్లు తిరిగొచ్చి చెప్పే కబుర్లే అతని పెట్టుబడి. ఇంటి నుంచి ఆఫీసుకు మాత్రం నడిచే పోతాడు. బస్సుల్లో కూర్చుంటే మనిషికి కాళ్లు చచ్చుబడిపోతాయంటాడు.

ఆ రోజు ఓదెలు వచ్చేసరికి స్తంభం దగ్గర ప్రకాశం కూర్చుని ఉన్నాడు.

ప్రకాశం కరెంటు ఆఫీసులో లైన్‌మన్. నిదానమైన మనిషి, ఒకరి జోలికి పోడు. అతని బామ్మర్ది రామ్‌చందర్ ఈ మధ్యనే మెటాడోర్ వ్యాన్ కొన్నాడు. కార్తీకంలో వాడకట్టువాళ్లను దాంట్లో ఎక్కించుకుని నల్లమల ఘాట్ మీదుగా శ్రీశైలం పోయి, స్వామిని చూసి, కడుతున్న డ్యాం చూసి, కర్నూలు, పాలమూరు మీదుగా తిరిగి రావాలని ఏర్పాటు. నాలుగు రోజులుగా గల్లీలో ఇదే మాట.

కృష్ణమ్మ చాయ తెచ్చింది. మీగడ తేలుతున్న గ్లాసు ప్రకాశం చేతిలో పెట్టింది. ఓదెలుకు ఉత్త చాయ. ఇన్నేళ్లూ ఆ మీగడ ఎవరి గ్లాసులో తేలిందో ముసలామెకు గుర్తే లేదా? ఓదెలు కడుపులో గుప్పెడు మిరపకాయలు పోసినట్టయింది.

"మంచిగ వచ్చినవన్నా," అన్నాడు ప్రకాశం పక్కకు జరుగుతూ. జరిగాడు గాని స్తంభం వదల్లేదు. "ఘాట్ల మలుపులు మస్తుంటయట. మా రామ్‌చందర్ అటు దిక్కు ఎన్నడు పోలే. తోవ తెలిసినోడు ముందల తన పక్కన కూసోవాలె అంటున్నడు. ఎవ్వరు లేకుంటె నేనే కూసుంట. నీకు ఎరికైన తోవేనా?"

డ్రైవర్ పక్కన సీటు. అందరికన్నా ముందు కొండను చూసే సీటు. బండి గల్లీలోంచి కదులుతుంటే గడపల్లో నిలబడ్డ అందరి కళ్లూ పడే సీటు. అందులో ప్రకాశం కూర్చున్నాడంటే, తిరిగొచ్చాక ఈ అరుగు మీద కథ చెప్పేది ప్రకాశమే. వినేది ఓదెలు.

అడ్డం ఒక్కటే ఉంది. అది భార్య లీలమ్మ నోట్లో ఉంది. "ఇయ్యాల అరుగు దిక్కు రాకు, ఆ సంగతి ఎవ్వరికి చెప్పకు," అని పొద్దునే ఆమెకు గట్టిగా చెప్పి వచ్చాడు.

"ఎరికేనా అంటవేంది తమ్మీ," అన్నాడు ఓదెలు. "పోయిన ఏడు డ్యాముకు సిమెంటు లోడు పోలే? గౌస్ భాయ్ డ్రైవరు. ఓదెలు భాయ్, మీరు పక్కన ఉంటేనే బండి తీస్త అన్నడు. సరే తియ్యి అన్న. నేను చేసింది ఏం లేదు, మలుపు వచ్చినప్పుడల్ల కుడికి, ఎడమకు అని చెప్పుడే."

"అంతేనా," అంది కృష్ణమ్మ. ప్రకాశం వైపు తిరిగి, "బిడ్డా, పులిహోరకు బియ్యం ఎంత నానవెట్టాలె?" అని అడిగింది.

పులిహోర తన కథను మింగేస్తుంటే ఓదెలు ఊరుకోగలడా?

"అంతే ఎట్లయితది పెద్దమ్మా, అసలు ముచ్చట ఇంక చెప్పలే. మన్ననూరు దాటినంక ఒక మలుపున్నది, గది మామూలు మలుపు గాదు, బండి తిరుగుతనే ఉన్నది, ముందట ఇంకో లారీ కనవడ్డది, ఎవడ్రా వీడు తోవకడ్డం అని నేను కిందికి దిగి మన లైటు ఎలుగుల ఆని నంబరు చదివిన. ఎవని నంబరో ఎరికేనా? మనదే. మన లైటు మన బండి ఎనుక పడ్డది, గంత వంపు."

"మన బండి వెనకభాగం మనకే ఎదురొచ్చిందన్నమాట," అన్నాడు వీరరాఘవరావు. గుంటూరు వైపు నుంచి సెక్రటేరియట్‌లో ఉద్యోగానికి వచ్చి, కృష్ణమ్మ పై గదిలో అద్దెకుంటున్నాడు.

"గదే సార్. చదువుకున్నోళ్లకు జల్ది సమజైతది."

"కర్నూల్లో మా తోడల్లుడు ఉన్నాడండీ ప్రకాశంగారూ. రాత్రికి వాళ్లింట్లో దిగొచ్చు," అన్నాడు వీరరాఘవరావు. అందరూ మళ్లీ ప్రకాశం చుట్టూ మూగారు. ఎవరెవరు ఎక్కడ పడుకోవాలో మాట్లాడుకోసాగారు.

ఓదెలు గ్లాసు అరుగు మీద టక్కున పెట్టాడు.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఫ్యాన్ బెల్టు తెగింది. నడి అడివి, మెకానిక్ లేడు, గౌస్ భాయ్ తల వట్టుకొని కూసున్నడు. నేను ఫికర్ చెయ్యకు భాయ్ అన్న. చుట్టూ చూసిన. చెట్టు మీద కొండచిలువ పండుకున్నది, మేకను మింగినట్టున్నది, ఒళ్లు తెల్వని నిద్ర. మెల్లగ దించి, తలకు తోకకు ముడేసి, ఇంజనుకు తొడిగిన. బండి మంచిగ నడిచింది."

"లెవ్వలేదా అది?" అంది కృష్ణమ్మ. బియ్యం సంగతి ఆమె నోట ఆగిపోయింది. అది చూసి ఓదెలుకు ప్రాణం లేచొచ్చింది.

"ఎందుకు లెవ్వదు పెద్దమ్మా, దిగుడుల లేసింది. లేసి, ముందల ఎవనిదో తోక కనవడుతున్నదని దాని తోకనే తరుముడు మొదలువెట్టింది. ఇగ బండి ఆగుతదా? గాలి లెక్క పోతున్నది. బ్రేకులు పట్టవు. ఒక దిక్కు కొండ, ఒక దిక్కు లోయ. అప్పటికే ఒక పులి సిమెంటు బస్తాల మీద ఎక్కి కూసున్నది, చలికి పాపం. నేను పైకి పోయి, ఏమనుకోకు అని దాని తోక వట్టి, ఇడువకుంట బండి ఎనుక రోడ్డు మీదికి దించిన. అది గోర్లు రోడ్డుకు తన్ని వట్టింది. డ్యాము దాంక బండి గట్లనే నిమ్మలంగ జారింది. రోడ్డు నడుమ ఆ గీతలు ఇప్పటికున్నయి. గవర్నమెంటోళ్లు వచ్చి, మంచిగున్నయని వాటి మీదనే తెల్లరంగు ఏసిండ్రు."

వీరరాఘవరావు దగ్గు వచ్చినట్టు పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ప్రకాశం మాత్రం నోరు తెరుచుకుని వింటున్నాడు. అట్లా వినేవాడి మీద కోపం నిలుపుకోవడం కష్టమే. అయినా ఓదెలు నిలుపుకున్నాడు. స్తంభం ఇంకా ప్రకాశం వీపు వెనకే ఉంది మరి.

"సిమెంటు దించినంక ఖాళీ గోనె బస్తాలు మిగిలినయి. కొండ మీద పొగమంచు గడ్డపెరుగు లెక్కున్నది. ఖాళీ బండి తీస్కపోతె సేటు ఊకుంటడా? పార తెచ్చి మంచు ఎత్తి బస్తాలల్ల నింపిన, మూతులు కుట్టిన. కర్నూలుల ఎండ మండుతున్నది. కొండారెడ్డి బురుజు కాడ బండి ఆపి మూతులు విప్పిన. కర్నూలుకు కర్నూలు గొంగళ్లు కప్పుకున్నది."

"మా తోడల్లుడు ఆ సంగతి ఉత్తరంలో రాయలేదే," అన్నాడు వీరరాఘవరావు.

"చేతులు కొంకర్లు పోతె ఎట్ల రాస్తడు సార్?"

"పోనీ, బిల్టీలో సరుకు ఏమని రాశారండీ?"

"పొగమంచు, నలభై బస్తాలు. తడవకుంట తీస్కపోవాలె అని రాసిన."

కృష్ణమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. లోపలికి పోయి మీగడ గిన్నె తెచ్చి ఓదెలు గ్లాసులోకి ఇంత జార్చింది. ప్రకాశం లేచి నిలబడ్డాడు.

"నువ్వు ఇటు కూసో అన్నా. ముందల సీటు నీదే. నువ్వుండంగ నేనెందుకు?"

ఓదెలు తొందరపడకుండా, ఏమీ పట్టనట్టు, స్తంభానికి వీపు ఆనించాడు. రాయి చల్లగా తగిలింది. ఆ చల్లదనం కడుపు దాకా పోయింది.

సరిగ్గా అప్పుడు లీలమ్మ వచ్చింది. కొంగులో ఏవో మూటగట్టుకుని ఉంది. మొగుడి వైపు చూడకుండా నేరుగా ప్రకాశం దగ్గరికి పోయింది.

"అన్నా, ఒక్క మాట. మా ఆయనను ముందల కూసోవెట్టుండ్రి."

"అయిపోయిందే," అన్నాడు ఓదెలు గబగబా. "వాళ్లే ఇచ్చిండ్రు. నువ్వు ఇంటికి నడువు."

లీలమ్మ ముఖం విప్పారింది. "చెప్పుకున్నవా మరి? నన్నేమో చెప్పద్దంటివి. మంచి పని చేసినవు, ఇందుల సిగ్గేమున్నది? కక్కేటోళ్లను ముందల కూసోవెట్టాలెనని మా అవ్వ గూడ అంటుండె. ఎనుక కూసుంటె ఈయన ఘాటు దాంక గూడ ఆగడన్నా. సిటీ బస్సు ఎక్కితెనే నయాపూల్ కాడ దిగి కక్కనీకి మోరి వెతుకుతడు. అందుకే గద దినాం అఫ్జల్‌గంజ్‌కు నడిచి పోయేది." కొంగు విప్పి నిమ్మకాయలు అరుగు మీద పోసింది. అవి దొర్లుకుంటూ వచ్చి ఓదెలు కాళ్ల దగ్గర ఆగాయి.

"ఔ గద," అంది కృష్ణమ్మ మెల్లగా. "నా మతి మీద మన్ను వొయ్య, నేనెట్ల మర్చిపోయిన? యాదగిరిగుట్టకు పోయొస్తుంటె బీబీనగర్ కాడ నా పాల చెంబు గుంజుకున్నది ఈయననే. మళ్ల ఆ చెంబుల పాలు పొయ్యలే నేను. అటుక మీద వడ్డది."

వీరరాఘవరావు గోడ వైపు తిరిగాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ప్రకాశం ఒక్కడే నవ్వలేదు. వంగి నిమ్మకాయలు ఏరి ఓదెలు పక్కన పెట్టాడు.

"సీటు నీదే," అన్నాడు. "ఇచ్చిన మాట ఇచ్చినట్టే. కిటికీ దిక్కు కూసో అన్నా, గాలి తగులుతది."

వాడు నవ్వి ఉంటే బాగుండేది, ఓదెలు నాలుగు తిట్టి లేచి పోయేవాడు. ఇప్పుడు కోరుకున్న సీటూ దక్కింది, స్తంభమూ దక్కింది, గ్లాసులో మీగడా ఉంది. ఒక నిమ్మకాయ తీసుకుని గోటితో గిల్లి వాసన చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అసలు ఆ ఘాటు గట్లాంటిది పెద్దమ్మా. ఆ దినం పులి గూడ కక్కింది, ఎరికేనా?"

"అయితె చెంబు ఒక్కటి సాలదు బిడ్డా," అంది కృష్ణమ్మ, అటుక మీది చెంబు దించడానికి లేస్తూ. "పులికి ఇంకోటి చూస్త ఉండు."