ఉట్టి కింది రోలు

నందికొట్కూరులో భూమి అదిరిన మరునాడు. తమ్ముడి కొత్త ఇల్లు ఎంత పక్కకు జరిగిందో తేల్చడానికి దేవేంద్రప్ప పెద్దరికం భుజాన వేసుకొని వచ్చాడు. తమ్ముడి భార్య హనుమంతమ్మ ఎదురుగా నిలబడింది.

"శానా ఏం జరగలేదమ్మా! ఉట్టి చూడు. రోటికి నడిమధ్యన ఏలాడేది, ఇప్పుడు రెండు వేళ్లు ఇవతలుండాది. ఇల్లు జరిగింది రెండు వేళ్లే."

"రోలు జరగలేదా బావా?"

"భూమిలో పాతిన రోలు యాడికి పోతాది?"

"ఆ భూమే పోయినాది గదా! మీ అరుగుకు ఆనించి కట్టిన గడప మాది. ఈ పొద్దు రెంటి నడుమ వచ్చిన సందులో నా కాలు పడతాంది. గోడ, ఉట్టి, రోలు అన్నీ కలిసి జరిగితే లోపలుండి చూసేవాళ్లకు ఏం తెలుస్తాది?"

"నువ్వు నాకు కొలతలు చెప్తాండావా?"

"అదిరింది ఒకే భూమి. మీ ఇంట్లో సున్నం పెళ్ల కూడా రాలలేదే!"

"మాది రాతినేల. మీది రేగడి. నేనేం చేసేది?"

"రేగడా? నేల పగుల్లో గడ్డపార దించితే బూడిద, కుండపెంకులు వచ్చినాయి."

"ఎప్పటి దిబ్బో..."

"భాగాలప్పుడు ఈ తావు చూపించింది మీరే గదా."

"చూపిస్తే? మీ ఆయన వద్దన్నాడా?"

"మీ మాటకు ఆయన ఎప్పుడు వద్దన్నాడు? అందుకే నేను అడుగుతాండా. కర్నూలు నించి ఇంజనీరును..."

"రాజధాని హైదరాబాదుకు ఎత్తుకపోయినాక కర్నూల్లో ఇంజనీర్లు యాడుండారు? నా మాట విను. కదిలేది కదిలింది, మన్ను కుదురుకుంది. పిల్లోళ్లను తీసుకొని దిగుల్లేకుండా పండుకో."

"మళ్లా అదిరితే?"

"అదిరినా ఏం కాదు."

"మీ ఇంట్లో రెండునాళ్లు..."

"మా ఇంట్లో తావు యాడిది? కోడలు బాలింత. ఈడ భయం లేదంటి గదా!"

"నా కడుపు మండిపోతాంది బావా. అయినా సరే, మీ మాటే నమ్ముతా. అత్తను పంపండి."

"అమ్మనా? ఎందుకు?"

"అమావాస్య పోయింది గదా. ఈ నెల ఆమెను చూసుకునే వంతు మాది. ఆ గోడ పక్కనే మంచం ఏస్తా."

"ఈ నెల వద్దులే."

"ఎందుకు? రెండు వేళ్లే గదా?"

"వద్దంటే వద్దు!"

"మన్ను కుదురుకుందంటిరి. నా పిల్లోళ్లను పండుకోమంటిరి."

"అమ్మను పంపను హనుమంతమ్మా... ఈ ఇంటి కింద పూడ్చిన బాయి ఎంత లోతో నాకు తెలుసు."