ముచ్చికల పాట ఎవరిదంటే

ఫోటో తర్వాత తీద్దువుగానీ, కూర్చో ఫెబా. ఆ కుర్చీ కాలు ఊగుతుంది, మంచం మీద కూర్చో. ఏదీ, ఆ కాగితం ఇటివ్వు. మేడే సభ, నల్లపాడు... ఊఁ... ముచ్చికల పాట రాసిన బాబ్జీ గారికి సన్మానం. అంటే నాకేగా. అచ్చుకి ఎప్పుడిస్తారు? ఇవాళ సాయంత్రమేనా? సరే. అబ్బే, సరే కాదు, ఉండు. నీకు వెంకటరావమ్మ తెలుసా? ఎట్లా తెలుస్తుందిలే, నువ్వు యూనియన్ ఆఫీసుకి వచ్చి రెండేళ్లు, ఆవిడ పోయి ఏడేళ్లు. ఇక్కడే, రైల్వే గేటు అవతల ఉండేది. మిరపకాయల కొట్లో ముచ్చికలు తీసేది. అదే, తొడిమలు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా రాశి ముందు కూర్చోవడమే. నేను అదే కొట్లో హమాలీని. మూటలు మోసేవాణ్ణి, సాయంత్రాలు యూనియన్ బుర్రకథలో హాస్యం చెప్పేవాణ్ణి. జనం నవ్వేవాళ్లు కూడా. ఇప్పుడు నన్ను చూస్తే నమ్మవులే.

ఘాటుకి ఆడవాళ్లంతా ముక్కూ మూతీ కలిపి గుడ్డ కట్టుకునేవాళ్లు, కళ్లొక్కటే కనపడేవి. ఆ గుడ్డ చాటునే ఈవిడ పాట కట్టింది. ఎందుకంటే, చేతులు కడుక్కోవడానికి కొట్లో నీళ్లు ఉండేవి కావు. చంటిపిల్లల తల్లులు అదే చేత్తో పిల్లని ఎత్తుకోవాలి, పాలివ్వాలి. గుమాస్తా మాలకొండయ్యనడిగితే, "ఇది కొట్టా, స్నానాల రేవా? మీకు నీళ్లు, తర్వాత సబ్బు, ఆనక పౌడరు" అనేవాడు. ముక్కుతో మాట్లాడేవాడులే, ఇట్లా. ఓ రోజు ఈవిడ బిడ్డ కంట్లో పడింది ఆ మంట. గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది పిల్ల. ఆ మర్నాడు వినపడింది పాట.

చేతి మంట చేతికుంటే ఓర్చుకుందునమ్మో
చంటిదాని కంటికంటే ఓర్వజాలనమ్మో

ఒకళ్లు అందుకుంటే అరవై మంది అందుకున్నారు. మాలకొండయ్య పరిగెత్తుకొచ్చి "ఎవరే పాడేది?" అంటాడు. అందరికీ మూతిగుడ్డలే, ఏ నోరు కదులుతుందో ఎట్లా తెలుస్తుంది? ఇటొస్తే అటు పాడతారు, అటు పోతే ఇటు. పది రోజుల్లో చుట్టుపక్కల కొట్లన్నిటికీ పాకింది. ఆఖరికి ఓ పొద్దున అందరూ రాశుల ముందు నుంచి లేచి, ఎర్రగా ఉన్న చేతులు పైకెత్తుకుని రోడ్డు మీద నిలబడ్డారు. మూడో రోజుకి కొట్టు కొట్టుకీ ఒక నీళ్ల తొట్టి వచ్చింది. ఇప్పటికీ ఉన్నాయి, చూడు వెళ్లి.

అక్కడితో ఆగితే బాగుండేది. నేనున్నానుగా. ఆ ఏడు మేడేకి ఆడవాళ్లంతా ఆ మూతిగుడ్డలతోనే వచ్చారు. స్టేజీ మీద నా చేతిలో మైకు ఉంది, ఒళ్లు తెలియలేదు. "ఈ పాట కట్టిన తల్లి మన వెంకటరావమ్మ, రా అమ్మా, గుడ్డ తీసి పాడు" అన్నాను. పిలిచాక రాకుండా ఎట్లా ఉంటుంది? వచ్చింది, తీసింది, పాడింది. చప్పట్లే చప్పట్లు. తెల్లారి మాలకొండయ్య గేటు దగ్గరే ఆపేశాడు. "నువ్వు పాటగత్తెవమ్మా, మాకు కూలోళ్లు కావాలి" అన్నాడు. ఇంకో కొట్టుకి వెళ్తే అక్కడా అంతే. రెండు నెలలు తిరిగింది బిడ్డనేసుకుని. నా బుద్ధిని చెప్పు పెట్టి కొట్టుకోవాలనిపించింది.

ఓ రోజు మా గుమ్మంలోకి వచ్చి, "అన్నా, ఆ పాట నువ్వే కట్టావని చెప్పు. మూటలు మోసేవాడివి, నువ్వు లేకపోతే వాళ్లకి లారీ కదలదు, నిన్నేం చేయరు" అంది. సరేనని తర్వాతి మీటింగులో చెప్పాను, నాదేనని, ఆవిడకి నేర్పింది నేనేనని. వారం తిరక్కుండా పనిలోకి తీసుకున్నారు. తీసుకున్నారుగానీ ఆవిడ మళ్లీ పాడలేదు. పక్కనున్నవాళ్లు పాడుతుంటే ముచ్చికలు తీసుకుంటూ కూర్చునేది, అంతే.

తర్వాత మాలకొండయ్య పోయాడు, ఆ కొట్టూ చేతులు మారింది, ఆవిడా పని మానేసింది. ఇంక దేనికి భయం? చెప్పొచ్చుగా? నాకు దండ వేసినప్పుడల్లా వచ్చేసారి చెబుదామనుకునేవాణ్ణి. ఆవిడ పోయిన రోజు శవం ముందు ఆడవాళ్లు ఆ పాటే పాడారు. సిద్దికా లేదూ, మీ కమిటీలో, ఆ పిల్ల నా దగ్గరకొచ్చి "మీ పాటంటే ఆమెకి ప్రాణం బాబ్జీ గారూ" అంది. నేను తలూపాను ఫెబా. అక్కడ, ఆవిడ ముందు నిలబడి తలూపాను.

పెన్నుందా? నా పేరు కొట్టేయ్. సభలో చెబుతాను అంటే నమ్మకు. ముప్పై ఎనిమిది మేడేలు అట్లాగే అనుకుని స్టేజీ ఎక్కాను, శాలువా కప్పించుకుని దిగాను. ఇప్పుడే, నా కళ్ల ముందే కొట్టేయ్. ఊఁ. వెంకటరావమ్మ. గారు కూడా రాయి. ఏదీ, చూడనీ...

ఎండ మంచం మీదకొచ్చేసింది, ఇటు జరుగు.